45 వేలకు అమ్మి, లక్షా 60 వేలకు తిరిగి కొనుక్కున్న తుపాకి

మా ఇంట్లో 12 బోర్ జోడు గొట్టాల తుపాకి ఒకటి ఉంది. మా జేజినాయన, అంటే తాత, దాన్ని 1957లో మద్రాసు మౌంట్ రోడ్డులోని ఒక దుకాణంలో కొన్నాడు. ఆయన తర్వాత అది మా నాయన చేతికి వచ్చింది. నాయన తర్వాత నాకు రావలసింది. కానీ ఆయన పోయి ఏడాది తిరక్కుండానే, సంవత్సరీకం కూడా పెట్టకముందే, 2014 ఆగస్టులో నేను దాన్ని 45,000 రూపాయలకు అమ్మేశాను. ఆరేళ్ల తర్వాత, 2020 డిసెంబరులో, అదే తుపాకిని 1,60,000 రూపాయలిచ్చి తిరిగి కొన్నాను. తండ్రులు వదిలివెళ్లిన తుపాకులను ఏం చేయాలో తెలియక ఈ మధ్య ఇద్దరు ముగ్గురు మిత్రులు నన్ను అడిగారు. వాళ్లకు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతిని ఇక్కడ మొదటి నుంచి రాస్తున్నాను.

మాది ఆత్మకూరు దాటాక నల్లమల అంచున ఉన్న పల్లె. అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. మా పొలాలకు అవతల అడవి మొదలవుతుంది. అది 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అడవి. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో అడవిపందుల గుంపు ఒక్క రాత్రి చేలో పడితే తెల్లారేసరికి అరెకరం దున్నినట్టు కనిపిస్తుంది. జేజినాయన తుపాకి కొన్నది ఆ పందుల కోసమే. ఆ రోజుల్లో దానికి పెట్టిన డబ్బుతో ఒక మంచి జత ఎద్దులు వచ్చేవని మా జేజి చాలాకాలం సాధించేదట. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చాక మా ఇంట్లో వేటమాట ఆగిపోయింది. ఆ తర్వాత నాకు తెలిసినంతవరకు ఆ తుపాకి మంచె మీది నుంచి ఆకాశంలోకి పేలిందే తప్ప ఒక ప్రాణి మీదికి పేలలేదు. రాత్రి రెండు మూడు గంటల వేళ ఒక్క తూటా పేలితే చుట్టుపక్కల నాలుగు చేలలోని పందులూ అడవిదారి పట్టేవి.

ఆ తుపాకి బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసినది. ఆ కంపెనీ 1979లో ఇలాంటి జోడు గొట్టాల తుపాకుల తయారీ ఆపేసింది. దాని గుర్రాలు, అంటే తూటా వెనక కొట్టి దాన్ని పేల్చే సుత్తులు, బయటికి కనిపించవు. పైనున్న చిన్న మీటను బొటనవేలితో పక్కకు నెడితే గొట్టాలు ముందుకు వాలతాయి, ఆ వాలడంలోనే లోపలి గుర్రాలు రెండూ ఎక్కుకుంటాయి. ఈ ఏర్పాటును 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు కనిపెట్టారు. తర్వాత ప్రపంచంలో తయారైన జోడు గొట్టాల తుపాకుల్లో చాలా భాగం దానినే అనుసరించాయి. గొట్టాలను విప్పి తిరగేస్తే అడుగున చదునుగా ఉన్నచోట చిన్న కిరీటం, దాని కింద బి.ఎన్.పి. అనే అక్షరాలు ఉంటాయి. పొగలేని మందుతో పేల్చి చూసి గొట్టాలు తట్టుకుంటాయని బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వేసిన ముద్ర అది. ఆ సంస్థ 1813 నుంచి ఇదే పని చేస్తోంది. ‘12 బోర్’ అంటే ఏమిటని చిన్నప్పుడు అడిగితే, ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే అందులో ఒక గుండు పట్టేంత గొట్టమని నాయన చెప్పాడు. లెక్కల్లో అంతంత మాత్రంగా ఉండే నాకు ఆ లెక్క మాత్రం ఒక్కసారికే తలకెక్కింది.

ఇవన్నీ ఆ కంపెనీ తుపాకులన్నింటికీ చెల్లే మాటలే. మా తుపాకికి మాత్రమే చెల్లేవి వేరే రెండున్నాయి. ఇంగ్లీషు తుపాకులకు గొట్టాల కింద ఉండే ముందుచెక్క చాలా సన్నగా ఉంటుంది కాబట్టి పట్టుకున్నవాడి ఎడమచెయ్యి చెక్కను దాటి గొట్టాల ఇనుము మీదే పడుతుంది. పాతికేళ్ల పాటు జేజినాయన ఎడమచెయ్యి, ముప్పయ్యేళ్ల పాటు నాయన ఎడమచెయ్యి ఒకేచోట పడి పడి అక్కడి నీలిరంగు అరిగిపోయి, బెత్తెడు మేర వెండిలా తెల్లగా మెరిసేది. నాయన చెయ్యి కొంచెం చిన్నది కావడంతో ఆ తెలుపులోనే ఒక అంచున రంగు పూర్తిగా పోక పొగమంచులా మిగిలి ఉండేది. ఇక రెండోది కుంకుమ. ప్రతి దసరాకు ఆయుధపూజనాడు కొడవలి, గొడ్డలి, గుంటక పళ్లతో పాటు తుపాకిని కూడా పీట మీద పెట్టి అమ్మ గంధం, కుంకుమ బొట్లు పెట్టేది. మర్నాడు నాయన నూనెగుడ్డతో తుడిచినా చెక్కుడుపని సందుల్లో, మర తలల గాట్లలో ఎర్రటి ధూళి కొంచెం నిలిచిపోయేది. గాటు లోపలిదాకా గుడ్డ పోదు కదా.

జేజినాయన 1983లో పోయాడు. లైసెన్సు నాయన పేరు మీదికి మారింది. నాకు బాగా గుర్తున్నవి ఎన్నికలే. ఎన్నికల ప్రకటన వచ్చిందంటే మా పక్క లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకులను పోలీసు స్టేషన్‌లో అప్పగించవలసి వచ్చేది. నాయన దాన్ని పాత ధోవతిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆత్మకూరుకు తీసుకువెళ్లేవాడు. స్టేషన్‌లో కాగితాలు రాసే రైటరు నంబరు చూసి రసీదు రాసిచ్చేదాకా కూర్చోకుండా నిలబడే ఉండేవాడు. ఆ రసీదులను ఒక్కటి కూడా పారేయలేదు. లైసెన్సు పుస్తకం అట్టలో వరసగా పెట్టుకున్నాడు.

నాయన 2013 డిసెంబరులో పోయాడు. లైసెన్సుదారు పోయిన తర్వాత తుపాకి ఇంట్లో ఉంచుకోవడానికి ఇంకెవరికీ హక్కు ఉండదు కాబట్టి, దినకర్మలు ముగిశాక దాన్ని స్టేషన్‌లో అప్పగించి, అక్కడి నుంచి అనుమతితో కర్నూలులోని ఒక లైసెన్సు దుకాణంలో భద్రపరిచాను. అంతవరకు నేను చేసిందంతా సరిగ్గానే ఉంది. ఆపైన చేసిందే తప్పు.

ఆ తప్పు చేయడానికి నాకు ఆనాడు కారణాలు లేకపోలేదు. నేను బ్యాంకు ఉద్యోగిని, కాపురం కర్నూలులో. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. వారసుడిగా లైసెన్సు కావాలంటే దరఖాస్తు, అక్క నుంచి, అమ్మ నుంచి అభ్యంతరం లేదనే పత్రాలు, వారసత్వ ధ్రువీకరణ, పోలీసు విచారణ, మళ్లీ కార్యాలయాల చుట్టూ తిరగడం. వీటన్నిటికన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మా సీమలో ఒక మనిషి ఇంట్లో తుపాకి ఉందంటే విన్నవాడికి మొదట పొలం గుర్తుకు రాదు, ఫ్యాక్షన్ గుర్తుకు వస్తుంది. బదిలీ మీద కోస్తా నుంచి వచ్చిన ఒక సహోద్యోగి, ‘మీ ఇంట్లో కూడా ఉందా?’ అని అడిగిన తీరు నన్ను చాలా రోజులు బాధపెట్టింది. పందులను బెదరగొట్టిన తుపాకి గురించి నేను సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిందే అనిపించింది. హైదరాబాదులో ఉండే అక్కకు ఫోన్ చేస్తే, ‘ఎందుకురా ఆ తలనొప్పి, అమ్మేయ్’ అంది. అమ్మ ఏమీ అనలేదు. కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటే చేసింది. ఆ మౌనాన్ని నేను అంగీకారమే అనుకున్నాను.

దుకాణదారు తుపాకిని దీపం కింద పెట్టి, గొట్టాలను విప్పి, ఒక కంటితో ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, ‘లోపల అద్దంలా ఉంది సార్, మీ నాయన బాగా చూసుకున్నాడు’ అన్నాడు. కొనేవారు సిద్ధంగా ఉన్నారనీ, కడప జిల్లాలో నిమ్మతోటలున్న పెద్దాయన అనీ చెప్పాడు. తోలు పెట్టె, తుపాకి, మిగిలిన తూటాలు అన్నీ రికార్డు ప్రకారం వెళ్లిపోయాయి. నా చేతికి వచ్చిన 45,000లో కొంత పాప స్కూలు ఫీజుకు పోయింది, మిగిలింది ఎటు పోయిందో కూడా గుర్తు లేదు.

ఇంట్లో ఒక్క వస్తువు మిగిలిపోయింది. గొట్టాలు శుభ్రం చేసే మూడు ముక్కల కర్ర కడ్డీ. చివర ఇత్తడి మరలు, కొసన పీచులు అరిగిన కుంచె ఉంటాయి. అది తోలు పెట్టెలో కాక అటక మీద నాయన పనిముట్ల మధ్య ఉండడంతో నేను మరిచిపోయాను. ఆ ఏడాది దసరాకు ఊరికి వెళ్లేసరికి పీట మీద కొడవలి, గొడ్డలి, వాటి పక్కన ఆ కడ్డీ ఉన్నాయి. తుపాకి పెట్టే చోటు వదలకుండా, దాని పొడవునా కడ్డీని మూడు ముక్కలూ బిగించి పెట్టి, అమ్మ దానికే గంధం రాసి మూడు బొట్లు పెట్టింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. ఒక్క మాట కూడా అనకుండా హారతి ఇచ్చి, పళ్లెం నా ముందుకు తెచ్చింది. అమ్మిన వస్తువు ఏమిటో నాకు సరిగ్గా ఆ నిమిషానే తెలిసింది. జేజినాయన ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది, అదీ ముసలితనంలో ఎవరో పెళ్లిలో తీసినది. పొలం పంపకాల్లో చీలిపోయింది, పాత ఇల్లు పడిపోయింది. ఆయన చెయ్యి ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపించగలిగిన చోటు భూమి మీద ఒక్కటే ఉండేది, నేను దాన్ని రసీదు తీసుకుని ఇచ్చేశాను.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిత్రులు అడిగేది ఇదే. తండ్రి పోయిన దుఃఖంలో, హడావుడిలో, తుపాకిని అమ్మడం తప్ప వేరే దారి లేదని అందరూ అనుకుంటారు. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న దుకాణంలో గానీ భద్రపరిస్తే సరిపోతుంది. నియమాల్లో చెప్పిన గడువు లోపల వారసుడు లైసెన్సు తెచ్చుకుని దాన్ని తిరిగి తీసుకోవచ్చు, లేదా అప్పుడు తీరిగ్గా ఆలోచించి అమ్ముకోవచ్చు. ఇప్పుడు అమల్లో ఉన్న 2016 ఆయుధ నియమావళి ఇంకో మేలు కూడా చేసింది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, ఆయన బతికి ఉండగానే తన వారసుల్లో ఒకరి పేరు చెప్పి వాళ్లకు లైసెన్సు ఇమ్మని కోరవచ్చు. తండ్రి పక్కన ఉండగా ఈ పని జరగడానికీ, ఆయన పోయాక మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని తిరగడానికీ చాలా తేడా ఉంది. ‘పాతకాలపుది కదా, పురావస్తువు కిందికి వస్తుంది, లైసెన్సు అక్కరలేదు’ అని కొందరు చెబుతారు, నమ్మకండి. చట్టం మినహాయించింది మరమ్మతు చేసినా, చేయకపోయినా ఇక తుపాకిగా పేలే అవకాశమే లేని వాటిని మాత్రమే. ఎంత పాతదైనా పేలగలిగిన తుపాకికి లైసెన్సు ఉండి తీరాలి.

కడప జిల్లా పెద్దాయన చిరునామా అమ్మకం కాగితాల్లోనే ఉంది. అయినా వెళ్లడానికి ముఖం చెల్లక మూడేళ్లు గడిపాను. చివరికి 2018 జనవరిలో, సంక్రాంతి వెళ్లాక, ఒక ఆదివారం బయలుదేరాను. ఆయనకు అప్పటికి డెబ్బై దగ్గర పడ్డాయి. వచ్చిన పని చెప్పగానే నవ్వి, ‘కొన్న గొడ్డును తిరిగి అడిగేటోళ్లను చూసినా గానీ, తుపాకిని అడిగేటోళ్లను చూడలే నాయనా’ అన్నారు. అమ్మే ఉద్దేశం లేదని మర్యాదగానే చెప్పారు. ఆయన దగ్గర మొత్తం మూడున్నాయి, అన్నింటికీ లైసెన్సు ఉంది. మాది తెచ్చి బల్ల మీద పెట్టారు.

నేను మొదట చూసింది ముందుచెక్క ఎదురుగా గొట్టాల మీది ఆ బెత్తెడు చోటు. అక్కడ తెలుపు లేదు. గొట్టాలు మొదటి నుంచి చివరిదాకా ఒకే రంగులో, కొత్త పలకలా నల్లనీలంగా మెరుస్తున్నాయి. ‘అరిగిపోయి బాగలేదని కొత్తగా రంగు ఎక్కించినా. చెక్క కూడా గీకి పాలిష్ చేయించినా. చూడు, ఎంత అందమొచ్చిందో!’ అని ఆయన సంతోషంగా చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. తన వస్తువును తాను ప్రేమగా చూసుకున్నారు, సొంత డబ్బు పెట్టి బాగు చేయించారు. కానీ యాభై ఆరేళ్లలో రెండు చేతులు కలిసి చేసిన గుర్తును ఎవరో ఒక పూటలో తుడిచేశారు. పాత తుపాకులు సేకరించేవాళ్లు అరిగిన రంగును ముట్టుకోవద్దని, కొత్త రంగు వేసిన తుపాకికి విలువ తగ్గుతుందని ఎందుకంటారో నేను ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం ఆయన ముందు కళ్లు తడవకుండా చూసుకోవడానికే నాకు శక్తి చాలలేదు. ఆయన అది గమనించారనుకుంటాను, తుపాకిని నా చేతికిచ్చి నీళ్లు తెస్తానని లోపలికి వెళ్లారు.

తిప్పి చూశాను. నంబరు మాదే. మీట పక్కన పెద్ద మర తలను కిటికీ వైపు పెట్టి చూస్తే, ఆ గాటు అడుగున, గోరు కూడా దూరని సందులో, ఎర్రగా ఒక గీత కనిపించింది. రంగు ఎక్కించినవాడు గొట్టాలను మార్చాడు గానీ మరలను విప్పలేదు. అమ్మ పెట్టిన కుంకుమ అక్కడే ఉంది.

వచ్చేటప్పుడు ఆయనతో ఒక్కటే కోరాను. ఎప్పుడు అమ్మాలనుకున్నా నాకు చెప్పకుండా ఇంకెవరికీ ఇవ్వొద్దని. ‘లైసెన్సైనా తెచ్చుకో ముందు’ అన్నారు. ఆ మాట నాకు పని చెప్పింది. తుపాకి అమ్మేసుకున్నాను కాబట్టి ఇక వారసుడి దారి నాకు లేదు, అందరిలా కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. అడవి అంచున నా పేరు మీద పొలం ఉంది, నేను అడుగుతున్నది పొడవైన నున్న గొట్టాల తుపాకి. చట్టంలోని 13వ సెక్షన్ ఇరవై అంగుళాలకు తగ్గని నున్న గొట్టం తుపాకిని ఆత్మరక్షణకు, క్రీడకు అడిగినవాళ్ల విషయంలో పిస్తోలు అడిగినవాళ్లకంటే కొంత ఉదారంగానే ఉంది. దరఖాస్తు ఒకసారి కాగితం తక్కువైందని వెనక్కి వచ్చింది. శిక్షణ ధ్రువపత్రం, వైద్యుడి ధ్రువపత్రం, ఇంట్లో ఇనుప బీరువాలో భద్రంగా ఉంచుతానన్న హామీ, పోలీసు విచారణ అన్నీ పూర్తయ్యి 2020 సెప్టెంబరులో లైసెన్సు నా చేతికి వచ్చింది. ఇది అనుమతి మాత్రమే, తుపాకి ఇంకా పెద్దాయనదే.

ఆ లోపల చట్టం మారింది. అప్పటిదాకా ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ దాన్ని రెండుకు కుదించింది. మొదట ఒక్కటే ఉండాలని బిల్లు తెచ్చారు గానీ అభ్యంతరాలు రావడంతో రెండు దగ్గర ఆగింది. వారసత్వంగా వచ్చినవైనా సరే రెండు దాటకూడదు. ఎక్కువ ఉన్నవాళ్లు ఏడాదిలోగా, అంటే 2020 డిసెంబరు 13 లోపల, మిగిలినవాటిని అప్పగించాలి. దేశంలో ఎన్ని ఇళ్లలో ఈ సవరణ ఏ తుపాకిని వదులుకోవాలన్న పంచాయితీ పెట్టిందో ఊహించగలను. నాకు మాత్రం తలుపు తీసింది. అక్టోబరు ఆఖరున పెద్దాయన ఫోన్ చేశారు. ‘ఒకటి మా నాయనది, ఒకటి నేను మొదటిసారి కొన్నది. ఇయ్యాల్సొస్తే మీదే ఇయ్యాల. రంగుకు, చెక్కకు నేను పెట్టింది కూడా చూసుకో’ అన్నారు.

లక్షా అరవై వేలు అన్నారు. అక్క వినగానే, ‘నువ్వు అమ్మిన దానికి మూడున్నర రెట్లురా!’ అని కోప్పడింది. లెక్క నిజమే. కానీ 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి మామూలు పౌరులకు దాదాపుగా ఆగిపోయింది కాబట్టి, అంతకుముందు దేశంలోకి వచ్చిన ఇంగ్లీషు తుపాకులే చేతులు మారుతూ ఉంటాయి, కొత్తవి వచ్చి కలవవు. నేను అమ్మినప్పుడు ఆ సంగతి తెలుసుకుని ఉంటే 45 వేలకు ఇచ్చేవాణ్ని కాదు. ఆయన అడిగింది అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపించదు. బేరం ఆడలేదు. జేజినాయన కొన్నదాన్ని బేరమాడి కొనడానికి మనసు ఒప్పలేదు.

ఒక లైసెన్సుదారు ఇంకొకరికి తుపాకి అమ్మాలంటే ఎవరికి అమ్ముతున్నదీ ముందుగా అధికారులకు రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు ఆగాలి. నవంబరు మొదటివారంలో ఆయన ఆ కాగితం ఇచ్చారు. గడువు తేదీ దాటకుండా తుపాకిని ముందే దుకాణంలో అప్పగించారు. ఆ 45 రోజులు నేను ఎలా గడిపానో చెప్పడం కష్టం. కరోనా రోజులు, ఆయన వయసు, ఏ కబురు వస్తుందోనన్న భయం. తుపాకి కోసం కాదు, ఆ మనిషి కోసమే భయపడ్డాను అని చెప్పాలని ఉంది. కానీ రెండింటి కోసమూ భయపడ్డాను.

డిసెంబరు చివరివారంలో కర్నూలు దుకాణంలోనే, అదే దీపం కింద, దాన్ని మళ్లీ విప్పి చూశారు. గొట్టాల లోపల మచ్చ లేదు. తూటా కూర్చునే గది పొడవు కొలిచి రెండున్నర అంగుళాలని చెప్పారు. ఇది పాత ఇంగ్లీషు తుపాకి ఉన్నవాళ్లంతా తెలుసుకోవలసిన విషయం. ఆ గదికి 65 మిల్లీమీటర్ల తూటాలే సరి. ఇప్పుడు ఎక్కువగా దొరికే 70 మిల్లీమీటర్ల తూటా లోపల పట్టినట్టే ఉంటుంది గానీ, పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. దుకాణదారు నా లైసెన్సులో నంబరు రాసి, ముద్ర వేసి, ‘ఈసారి అమ్మనని రాసియ్యండి సార్’ అన్నాడు. సరదాకే అన్నాడు గానీ, అలాంటి కాగితం ఒకటి ఉంటే నిజంగానే రాసి ఇచ్చేవాణ్ని.

చీకటిపడ్డాక ఊరు చేరాను. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పెట్టె తెరిచి గొట్టాలు, చెక్క కలిపి ఆమె ఒళ్లో పెట్టాను. చాలాసేపు చేత్తో తడిమింది. రంగు మారిన చోట వేళ్లు ఆగాయి. ‘ఈడ తెల్లగా ఉండె గదా’ అంది. ఉండేదని చెప్పాను. ‘మీ నాయన చెయ్యి పడి పడి’ అని తనలో తానే అనుకుని, లోపలికి వెళ్లి అటక మీది కడ్డీని, కుట్టుమిషన్ నూనె సీసాను తెచ్చి నా ముందు పెట్టింది. ఆ రాత్రి గొట్టాల్లో నుంచి నాలుగుసార్లు గుడ్డ లాగాను, తెల్లగానే వచ్చింది. మర గాట్లోని ఎర్రదనాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఇప్పుడు చెయ్యి పెట్టడం నా వంతు. ముందుచెక్క దాటి, వాళ్లిద్దరి చేతులు పడినచోటే పట్టుకుంటున్నాను. నాలుగేళ్లలో అక్కడ రంగు పిసరంత కూడా తగ్గలేదు, ఏడాదికి ఒకటి రెండుసార్లు బయటికి తీసే నా చేతికి దాన్ని అరగదీసేంత కాలం దొరకకపోవచ్చు కూడా.

2024 మార్చిలో ఎన్నికల ప్రకటన రాగానే ఆత్మకూరు స్టేషన్ నుంచి కబురు వచ్చింది. నాయన ధోవతి ఒకటి అమ్మ దాచి ఉంచితే దాంట్లోనే చుట్టి, కారు వెనక సీట్లో మా పాప పక్కన పెట్టి తీసుకువెళ్లాను. పాపకు అప్పటికి పదహారేళ్లు. స్టేషన్‌లో రైటరు నంబరు చదువుతుంటే అది లైసెన్సు పుస్తకంలో చూసి సరిపోల్చింది తనే. నన్ను కూర్చోమన్నారు, కూర్చోలేకపోయాను. రసీదు చేతికి వచ్చాక రెండుసార్లు చదివి, పుస్తకం అట్టలో, నాయన రసీదుల వెనక పెట్టాను. జూన్‌లో ఫలితాలు వచ్చిన వారానికి వెళ్లి తెచ్చుకున్నాం.